ముసలి గొర్రె ఎవరికి పడింది

నా వీపు మీద ఒక ముసలి గొర్రె ఉంది. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెట్టాను. అది చచ్చి ఏళ్లూ పూళ్లూ అయింది, బొక్కలు కూడా మట్టిలో కలిసిపోయి ఉంటాయి. అయినా వీపు దిగదు. మనవరాలికి జడ వేస్తున్నప్పుడు ఉంటుంది, బోనాల నాడు అందరితో కలిసి నవ్వుతున్నప్పుడు ఉంటుంది. నా మొగుడికి చెప్పలేదు. ఆయన పోయాడు. నా కూతురికి చెప్పలేదు. దేవుడికి చెప్పావా అంటే, ఆయనకు తెలియనిదేముందిలే అని తప్పించుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు.

నా పేరు రాయను. చౌటుప్పల్‌కు ఇవతల, పట్నం పోయే పెద్ద రోడ్డుకు కోసెడు దూరంలో మా ఊరు. కురుమ ఇంట్లో పుట్టి, కురుమ ఇంటికే కోడలిగా వచ్చాను. అక్షరాలు వచ్చింది మాత్రం ముసలితనం మొదలయ్యాక, పెద్దవాళ్ల బడిలో. అక్కడి పంతులమ్మ నేర్పిన భాషలోనే ఇది రాస్తున్నాను. నోటితో చెబితే ఇలా ఉండదు. నోటితో చెప్పే ధైర్యం లేకనే కదా కాగితం పట్టుకున్నాను.

అవి రజాకార్ల కాలం పోయి, మిలిట్రీ వచ్చిన కొత్త రోజులు. నిజాం దిగిపోయాడన్నారు. జెండాలు మారాయన్నారు. మాకు మాత్రం దొడ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండు మూడేళ్ల గడబిడలో ఊరి మందలన్నీ పోయాయి. తోలుకుపోయినవి కొన్ని, తిండికి లేక మేమే అమ్ముకున్నవి కొన్ని. గొర్రె లేని కురుమ ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియదు. పొద్దున లేస్తే చప్పుడుండదు. మా ఆయన దొరల మీద లేచిన సంగపోళ్లకు ఒక పూట అంబలి పోసిన పాపానికి పట్టుకుపోయి, కాలు విరిగాక వదిలేశారు. ఇప్పుడు చెప్పబోయే రోజుకు నేను కడుపుతో ఉన్నాను. అయిదో నెల. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరువాత చెబితే సాకు చెప్పినట్టుంటుంది. ముందు చెప్పినా సాకేనా? ఏమో.

మా వాడలో మల్లవ్వ అని ఒక పెద్దామె ఉండేది. మొగుడూ కొడుకూ ఇద్దరూ పోయినా, నోరు మాత్రం పోని మనిషి. ఆ గడబిడలో కూడా ఆమె పొయ్యి ఆరలేదు. ఇంటింటికీ తిరిగి దోసెడు జొన్నలు అడుక్కొచ్చి గట్కా వండి, మొగుళ్లు పోయిన ఆడవాళ్లకూ పిల్లలకూ పెట్టేది. ఎవరైనా మొహమాటపడితే, "తిను బిడ్డా, నా అయ్య సొమ్మా ఏంది" అని తిట్టి మరీ పెట్టేది.

ఆమె పొయ్యి సంగతి ఎలా పాకిందో, పట్నంలో కొందరు ఆడవాళ్లకు తెలిసింది. వాళ్లు రోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెడతారట. నెలకోసారి అందరి పిడికెళ్లూ కలిపి అమ్మి, ఆ పైసలు ఎక్కడో ఒకచోట ఆదుకునే పనికి పంపుతారట. వాళ్లది కూడా సంఘమే, కానీ ఆ రోజుల్లో సంగం అనే మాట నోట్లోంచి వస్తే వీపు పగిలేది. అందుకని మల్లవ్వ వాళ్లకు 'పిడికెడు బియ్యపోళ్లు' అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది.

వాళ్లు పంపింది కొద్దిగే. పిండి కొద్దీ రొట్టె. ఆ పైసలతో జొన్నలు కొందామన్నారు కొందరు. మల్లవ్వ ఒప్పుకోలేదు. తింటే అయిపోతది, ఈనేది కొందామంది. ఇంటి పెద్దదిక్కు పోయిన, లేదా మూలన పడిన ఇళ్లు మా వాడలో ఏడు. ఇంటికొక ఆడ గొర్రె. ఒకటే షరతు: మొదట పుట్టే ఆడ పిల్లను గొర్రె లేని తరువాతి ఇంటికి ఇచ్చేయాలి. అలా ఒకరి గొర్రె ఇంకొకరి గొర్రె అవుతూ పోవాలి.

అంగడికి పోయి బేరం చేస్తే పైసలు ఆరింటికే సరిపోయాయి. ఏడోదానికి మిగిలిన చిల్లరకు ఒక ముసలి గొర్రె వచ్చింది. పళ్లు అరిగిపోయి, ఉన్ని ఊడిపోయి, నడవాలా వద్దా అని ప్రతి అడుగుకూ ఆలోచించుకునే గొర్రె. అది మిగతా వాటి వెనక ఊళ్లోకి వస్తుంటే ఆడవాళ్లందరూ నవ్వారు. నవ్వుతూనే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది ఎవరికి పడుతుంది?

అయినా ఆ రోజు ఎంత బాగుందని! నన్ను నమ్మండి, అంతటి పండుగ నేను మళ్లీ చూడలేదు. గొర్లు దొడ్లోకి రాగానే ఆ వాసనకే కొందరు ఏడ్చారు. మా అత్త ఒక గొర్రె మెడను కౌగిలించుకుని వదిలిపెట్టలేదు. మా ఆయన కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, మునివేళ్లతో ప్రతిదాని పొదుగూ తడిమి, "ఆరు మంచియి, ఒకటి మా ఆవిడ లెక్క" అన్నాడు. నేను మట్టిగడ్డ తీసి విసిరాను. ఎన్నాళ్లకో ఆయన నోట్లోంచి హాస్యం వచ్చింది.

పట్నం నుంచి పిడికెడు బియ్యపోళ్ల తరఫున ఒక అమ్మ వచ్చింది. తెల్ల చీర, నల్ల కళ్లజోడు. గొర్లంటే భయం. ఆమెకే పని అప్పజెప్పింది మల్లవ్వ, ఎందుకంటే మాలో ఎవరి గుర్తు ఏదో ఆమెకు తెలియదు.

మా పక్క వాటాలు పంచే పద్ధతి ఇది. ఎవరికి వాళ్లు ఒక గుర్తు ఇస్తారు: ఒకరు గులకరాయి, ఒకరు వేపపుల్ల, ఒకరు ఉన్ని ఉండ. అన్నీ చాటలో వేసి గుడ్డ కప్పుతారు. సంగతి తెలియని మనిషి ఒక్కొక్కటీ తీసి ఒక్కో వాటా దగ్గర పెడుతుంది. పెట్టడం అయ్యేదాకా వాటాదారులు వీపులు తిప్పి నిలబడాలి. తిరిగి చూస్తే తప్పు. ఏది పడితే అది. అడగకూడదు, అలగకూడదు. నేను ఎర్ర గాజుముక్క ఇచ్చాను. నా పక్కన నిలబడ్డ ఎల్లమ్మక్క చింతగింజ ఇచ్చింది.

ఎల్లమ్మక్క ఎవరో చెప్పాలి. మా ఇంటికి రెండిళ్ల అవతలి మనిషి. నా కన్నా నాలుగేళ్లు పెద్ద. మొగుణ్ని ఆ గడబిడలోనే పోగొట్టుకుంది. పిల్లల్లేరు. ఉన్నదల్లా కళ్లు కనిపించని తల్లి ఒకతె. ఆ పొద్దున చాటలో గింజ వేస్తూ మా అందరి ముందే అంది: "మంచిది పడి ఈనిందనుకో, ఊళ్లెనే ఉంట. లేకుంటే పాలమూరు మేస్త్రి ఎంబడి మట్టి పనికి పోవుడే." అంటే ఏ డ్యాం కట్టకో, ఏ కాలువ తవ్వకానికో. తల్లిని వదిలి. అది నేను విన్నాను. నా ఈ రెండు చెవులతో విన్నాను.

వీపులు తిప్పి నిలబడ్డాం. నవ్వు ఆపుకోలేక ఒకరినొకరు గిల్లుకుంటున్నాం. పట్నం అమ్మ మా వెనక, గొర్లు కట్టిన ఒక్కో గుంజ దగ్గరికీ భయంభయంగా పోతోంది. గొర్రె తుమ్మితే 'అమ్మో' అంటోంది. నాకు ఆగలేదు. కొంగు సర్దుకున్నట్టు చేసి, చంక కింది నుంచి వెనక్కి చూశాను.

ముసలి గొర్రె గుంజ మొదట్లో ఎర్ర గాజుముక్క ఉంది.

పట్నం అమ్మ ఆఖరి గుర్తు పెట్టి లేచేసరికి పెద్ద రోడ్డు దిక్కు నుంచి లారీ చప్పుడు వినిపించింది. మా ఊరి బాట పట్టిన చప్పుడు. ఇప్పటి పిల్లలకు లారీ చప్పుడంటే లారీ చప్పుడే. మాకు అలా కాదు. ఆ మూడేళ్లలో లారీ వచ్చిందంటే ఎవరో ఒకరు పోయారన్నట్టే. ఒక్క క్షణంలో దొడ్డి ఖాళీ అయింది. పిల్లలను చంకనేసుకుని ఇళ్లలోకి ఉరికారు. ఎల్లమ్మక్క తల్లిని పట్టుకొచ్చేందుకు పరుగెత్తింది. మా అత్త మా ఆయనను గడ్డివాము వెనక్కి లాగింది. పట్నం అమ్మ ఏమైందో తెలియక మల్లవ్వ వెనక బాట మీదికి పోయింది.

అందరూ భయపడ్డారు. నేను భయపడలేదు. నాకు అప్పుడు పని ఉంది.

రెండు అడుగులు వేశాను. వంగాను. గాజుముక్క తీశాను. పక్క గుంజకు నెత్తి మీద తెల్లచుక్క ఉన్న నల్ల గొర్రె, నిగనిగలాడుతోంది. దాని ముందున్న చింతగింజ తీశాను. అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ పెట్టాను. అంతే. ఎల్లమ్మక్క మీద నాకు పగ లేదు, అసూయ లేదు. ఆ గింజ ఆమెదని తెలుసా అంటే తెలుసు. మరి ఆమెదే ఎందుకు? పక్కన ఉంది కాబట్టి. ఇన్నేళ్లు తవ్వుకున్నా ఇంతకన్నా పెద్ద కారణం దొరకలేదు. ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది, ఎందుకంటే పెద్ద కారణంతో చేసిన తప్పుకు కనీసం ఒక మొహం ఉంటుంది, చేయి అందింది కదా అని చేసిన తప్పుకు ఆ మొహం కూడా ఉండదు.

లారీలో ఉన్నది మిలిట్రీ పిల్లలు. ఇంజను వేడెక్కి నీళ్లకు వచ్చారు. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకు రాదు. మల్లవ్వ కడవ తెచ్చి ఇంజనులో పోయించి, తలా ఒక ముంత అంబలి కూడా పోసింది. ఒక మీసాల పిల్లగాడు అంబలి తాగి మొహం పెట్టిన తీరుకు ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. లారీ చప్పుడు విని నవ్వడం మా ఊరికి అదే మొదటిసారి. ఆ నవ్వు నవ్వుకుంటూనే అందరూ దొడ్లోకి తిరిగొచ్చి గుర్తులు చూసుకున్నారు.

ఎల్లమ్మక్క తన గింజను చూసింది. ముసలి గొర్రెను చూసింది. ఆమె నడుం మీద చేయి వేసుకుని, "మా అమ్మకు జోడు దొరికిందే! ఇద్దరికీ పండ్లు లేవు, ఇద్దరికీ అంబలే" అంది. అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను. దొంగకు తేలు కుట్టినా అలా నవ్వగలదని ఆ రోజే తెలిసింది.

చలికాలంలో నా చుక్క గొర్రె ఈనింది. ఒకటి కాదు, జోడు పిల్లలు! మా నల్ల గొర్లలో జోడు పుట్టడం అరుదు. అది మాత్రం నాకు ముందు తెలియదు, ఒట్టు. ఆ వారంలోనే నాకు కూతురు పుట్టింది. ఇంట్లో రెండు ఈనుళ్లు, మూడు పిల్లలని మా అత్త వాడంతా చెప్పుకుంది. మా ఆయన గొర్రెపిల్లను ఒక చేతిలో, బిడ్డను ఒక చేతిలో పట్టుకుని గడపలో కూర్చునేవాడు. విరిగిన కాలు సంగతి ఆయనే మరిచిపోయాడు. దొంగ సంతోషమని నాకు తెలుసు. అయినా సంతోషమే. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నోరు తీపవుతుంది, ఏం చేయను?

వచ్చినవాళ్లందరూ ఒకే మాట. నీ చేతి వాసి మంచిది. గుర్తు పెడితే ఇలాంటి గుర్తు పెట్టాలి. మల్లవ్వే మొదలుపెట్టింది ఆ మాట. ఆ తరువాత విత్తనాలు చల్లితే మొదటి పిడికెడు నేనే చల్లాలి. కొత్త పొయ్యి పెడితే మొదటి పిడక నేనే వేయాలి. కానుపు కష్టమైతే నేను వచ్చి కడుపు మీద చేయి పెట్టాలి. పిడికెడు బియ్యపోళ్లు మరుసటి ఏడు మళ్లీ కొద్దిగ పైసలు పంపినప్పుడు, చాటలో నుంచి గుర్తులు తీసి పెట్టే పని ఎవరికి ఇచ్చారనుకున్నారు? నాకే. దొంగ చేతికి తాళంచెవి. మళ్లీ ఎన్నడూ మోసం చేయలేదు. కానీ చేయి చాటలో పెట్టిన ప్రతిసారీ వేళ్లు చల్లబడేవి.

ముసలి గొర్రె ఈనలేదు. చలి తట్టుకోలేక చచ్చిపోయింది. ఎల్లమ్మక్క మేస్త్రి వెంట పోయింది. పోయే రోజు తల్లి చేతిని నా చేతిలో పెట్టి, "జర సూడు సెల్లె" అంది. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు.

చూశాను. రోజూ పొద్దున చుక్క గొర్రె పాలు ఒక ముంత ఆ ముసలామెకు పోశాను. ఊరంతా మెచ్చుకుంది. మీరూ మెచ్చుకోబోతున్నారేమో, ఆగండి. షరతు ప్రకారం ఒక ఆడ పిల్లను తరువాతి ఇంటికి ఇచ్చాను. రెండోది కూడా ఆడదే. దాన్ని ఎల్లమ్మక్క దొడ్లో కట్టి, మేస్త్రికి కబురు పంపి ఆమెను వెనక్కి పిలిపించవచ్చు కదా? ఎవరు వద్దన్నారు? పాలు ఇచ్చాను, ఎందుకంటే పాలు మర్నాడు మళ్లీ వస్తాయి. పిల్లను ఇవ్వలేదు. నా దయ అంతవరకే.

ఎండాకాలం మొదట్లో ఆ తల్లి పోయింది. పోయే ముందు పాలు తాగిస్తుంటే నా చేయి తడిమి, "ఎల్లీ, వచ్చినవా బిడ్డా?" అంది. నేను కాదనలేదు. "వచ్చిన అమ్మా" అన్నాను. ఆమె మొహం ఎంత వెలిగిందో! నిమ్మళంగా కళ్లు మూసుకుంది. మంచి పని చేశానా? అక్క గొర్రెను తీసుకున్నది చాలక, ఆమెకు దక్కాల్సిన ఆఖరి పిలుపు కూడా నేనే తీసుకున్నానా? రెండూ నిజమే అనిపిస్తుంది. రెండూ నిజమైతే ఎటు తిరిగి పడుకోవాలి మనిషి?

ఎల్లమ్మక్క రెండో ఏట వచ్చింది. మట్టి మోసి మోసి చేతులు మొద్దులయ్యాయి. ఇంటికి పోకముందే నా ఇంటికి వచ్చింది. నా కూతురిని ఎత్తుకుని ముద్దాడింది. ఇప్పుడే చెప్పేయాలనుకున్నాను. అప్పటి మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"అక్కా, గా ముసలి గొర్రె..." అన్నాను.

"సచ్చింది గద. పోనీ తియ్యే, దాని తిప్పలు పోయినయ్."

"అది కాదక్కా. గది నీకు పడాల్సింది కాదు."

"మరి నీకు పడాల్నా?" అని నవ్వింది. "నీకు పడుంటే మా అమ్మకు పాలు ఎవలు పోస్తుండె? నీకు మంచిది పడ్డది గనుకనే మా అమ్మ కడుపునిండ తాగి పోయింది. దేవుడు ఊకెనే పెట్టలే సెల్లె."

దేవుడు! దేవుడు పెట్టింది పెట్టినట్టే ఉంచి ఉంటే ఆ పాలు ఆమె తల్లికి ఆమె చేత్తోనే పోసేది. నోరు తెరిచాను. బిడ్డ ఏడ్చింది, పాలివ్వడానికి లోపలికి పోయాను. బిడ్డ ఏడవకపోతే చెప్పేదాన్నా? నన్ను అడగకండి.

తరువాత ఏళ్లలో ఏం జరిగిందో చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. ఆ ఏడు గొర్రెల పిల్లలూ, వాటి పిల్లలూ మా వాడ దాటి పక్క ఊళ్లకు పోయాయి. ఎల్లమ్మక్క వంతు కూడా మళ్లీ వచ్చింది, మంచి గొర్రే పడింది. ఒక అనాథ బిడ్డను తెచ్చి పెంచుకుంది. ఇప్పుడు ఆమె దొడ్లో గొర్లు నా దొడ్లో గొర్ల కన్నా ఎక్కువ. పిడికెడు బియ్యపోళ్లు ఇంకోసారి పంపిన పైసలతో ఉన్ని వడికే రాట్నాలు వచ్చాయి, తరువాత బావికి గిలకలు వచ్చాయి. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు. ఎక్కడో ఎవరో ఆడది వంటింట్లో పక్కన పెట్టిన పిడికెడు బియ్యం మా ఊళ్లో ఉన్ని అయి, పాలు అయి, పిల్లల బడి బట్టలు అయింది. దాన్ని చూసి నా కడుపు నిండింది. ఆ పిడికెళ్లలో ఒకదాన్ని మాత్రం నేను దారి మళ్లించాను.

ఎల్లమ్మక్కకు పళ్లు పోయాయి. నాకూ పోయాయి. ఇప్పటికీ పొద్దున లేస్తే ఆమె గొంతే ముందు వింటాను. ఎవరైనా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాను. ఆమె దగ్గర గొర్రె అనే మాట వచ్చినా తడుముకుంటాను, గొర్లు కాసే ఊళ్లో ఇంకే మాట వస్తుంది చెప్పండి!

ఈసారి ఊళ్లో ఆడవాళ్లు కొత్తగా సంఘం పెట్టుకున్నారు. ఎక్కడినుంచో కొద్ది సాయం వచ్చింది, మళ్లీ గొర్లు కొన్నారు. రేపు వాటాలు. గుర్తులు నేనే పెట్టాలట. ఇవాళ మధ్యాహ్నం ఎల్లమ్మక్క గోడ మీది నుంచి కేకేసింది: "నీ చెయ్యి పడాలె, రేపు జల్ది తయారుగుండు." నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, "నేను పెట్ట అక్కా. పొద్దుగాల్నే నా దగ్గరికి రా. ఒక మాట చెప్పాలె" అన్నాను. ఏం మాటని అడగలేదు. "చాయ్ పెట్టు మరి" అని నవ్వుకుంటూ పోయింది.

అప్పటినుంచి ఇది రాస్తూ కూర్చున్నాను, నోటికి అలవాటు కావాలని. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. గొర్రె దిగిందా అంటే దిగలేదు. కానీ దాని బరువు ఇంత అని మొదటిసారి ఇంకొకరికి చెప్పాను, అందుకేనేమో ఇందాక జొన్నరొట్టె రెండు తిన్నాను, కోడలు ఆశ్చర్యపోయింది. ఎల్లమ్మక్క క్షమిస్తుందా అని ఆలోచించడం లేదు. అది అడిగే మొహం నాకు లేదు, అడగను కూడా. ఒక్కటే తేల్చుకోవాల్సి ఉండింది: చాయ్ తాగించి చెప్పాలా, చెప్పి చాయ్ పోయాలా?

చెప్పాకే పోస్తాను. తాగకుండా లేచిపోవాలనిపిస్తే, నా చాయ్ ఆమె కడుపులో ఉండకూడదు.